నాన్నకు సీటొచ్చింది

వేములకోట సెంటర్లో ఫ్యాన్సీ షాపు నడుపుకునే శేషుబాబుకు ఆ వేసవిలో ఒక పెద్ద అనుమానం పట్టుకుంది. ఐదో తరగతి పాసైన కూతురు చందనను ఆరో తరగతికి జిల్లా పరిషత్ హైస్కూల్లో వెయ్యాలా, శిఖరాగ్ర ఒలింపియాడ్ స్కూల్లో వెయ్యాలా అని. మామూలుగా ఆయన అనుమానాలన్నీ భార్య మల్లీశ్వరి ఎప్పటివప్పుడు తీర్చేస్తుంది. దీన్నీ తీర్చేసింది గానీ, ఈసారి ఆయన తీరనివ్వలేదు.

"హైస్కూలు మన సందు చివరే గదా. గ్రౌండుంది, చెప్పే టీచర్లున్నారు. పిల్ల నడిచిపోయి నడిచొస్తది. ఇంక ఆలోచన దేనికి?" అంది మల్లీశ్వరి.

"నీకేం, ఇంట్లో కూచుని ఎన్నైనా చెప్తావ్. కొట్టుకొచ్చిన ప్రతివాడూ పిల్లని ఎక్కడేశావని అడుగుతాడు. పరిషత్ హైస్కూలంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"కొట్లోనే పెట్టుకో. రిబ్బన్లు అమ్మేటప్పుడు మొహం కావాలిగా."

నిజానికి మల్లీశ్వరి మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. హెడ్మిస్ట్రెస్ ఝాన్సీ టీచరు లెక్కలు చెబితే ఎంత మొద్దు పిల్లాడికైనా కాస్తో కూస్తో తలకెక్కుతుందని ఊళ్లో పేరుంది. శిఖరాగ్ర సంగతి వేరు. అది మోటారుసైకిళ్ల షోరూము మీద కట్టిన మూడంతస్తులు. గ్రౌండు లేదు గానీ, మెట్ల పక్కన గోడకు పచ్చటి గ్రౌండు ఫొటో నిలువెత్తున అంటించారు. పిల్లలకు టై ఉంది, బెల్టు ఉంది, వారానికి రెండు రకాల బూట్లున్నాయి. ఆ టై అంటే శేషుబాబుకు తగని మోజు. తను చదువుకునే రోజుల్లో చొక్కాకు గుండీలన్నీ ఉంటే అదే గొప్ప.

ఈ గొడవంతా జరుగుతున్నంతసేపూ చందన పక్కనే కూర్చుని అన్నం తింటూ ఉండేది. నీకు ఏ బడి కావాలే అని ఎవరూ అడగలేదు. అడగని మాట చెప్పడం ఆ పిల్లకు అలవాటు లేదు.

అందరి ఇళ్లలో లాగే జూన్ నెలలో ఏదో ఒక గేటు ముందు ఈ గొడవ ముగిసిపోయేదే. కానీ ఇంటింటా జనం ఇలా తేల్చుకోలేక సతమతమవుతున్న సంగతి ప్రభుత్వం కంట పడింది. ప్రభుత్వం కంట పడ్డాక ఇంకేదైనా మామూలుగా ఎట్లా ముగుస్తుంది చెప్పండి?

రాజధానిలో ఒక కమిటీ వేశారు. ఆ కమిటీ ఊరూరా తిరిగి తేల్చిందేమిటంటే, తల్లిదండ్రుల్లో చాలామంది బస్సు రంగు చూసో, టై చూసో, పక్కింటివాళ్లను చూసో బడిని ఎంచుకుంటున్నారని. అలాంటప్పుడు బళ్లను బాగుచెయ్యొచ్చు కదా అని మీకూ నాకూ అనిపిస్తుంది. కమిటీకి అనిపించలేదనడం అన్యాయం. అనిపించింది. కాకపోతే బళ్లు వాళ్ల పరిధిలో లేవు. ఎంపిక మాత్రమే ఉంది. కాబట్టి లోపం ఎంచుకునేవాళ్లలోనే ఉందని ఏకగ్రీవంగా తీర్మానించి, తల్లిదండ్రుల పాఠశాల ఎంపిక సామర్థ్య నిర్ధారణ పరీక్ష పెట్టారు. అంత పేరు ఏ బోర్డు మీదా పట్టదు గనక ప్యాసెట్ అని పిలవమన్నారు. పిల్లకు ఒకరు చొప్పున తల్లో తండ్రో ఆ పరీక్ష పాసవ్వాలి. పాసైతే అర్హత నంబరిస్తారు. ఆ నంబరు లేనిదే సర్కారు బడి గానీ, ప్రైవేటు బడి గానీ పిల్లను ఆరో తరగతిలో చేర్చుకోకూడదు.

మండలానికొక ఎంపికాధికారిని కూడా వేశారు. వేములకోటకు వచ్చినాయన పేరు విశ్వంభరరావు. ఆయన ఏ మాటా విడిగా చెప్పడు. గొలుసు కట్టి చెబుతాడు.

"ఎంపిక అనునది పౌరుడి హక్కు" అన్నాడు, పేర్లు నమోదు చేయించుకోవడానికి వెళ్లిన శేషుబాబు కుటుంబాన్ని ఎదురుగా నిలబెట్టుకుని. "హక్కు అన్న తరువాత అర్హత ఉండాలి. అర్హత అన్న తరువాత నిర్ధారణ ఉండాలి. నిర్ధారణ అన్న తరువాత నేను ఉండాలి. బోధపడిందా?"

"బోధపడిందండీ" అంది మల్లీశ్వరి. "మాకు పరీక్షా అదీ ఏం వద్దండీ. మా పిల్లని పరిషత్ హైస్కూల్లో వేస్తాం. అట్టా రాసుకోండి, సరిపోద్ది."

విశ్వంభరరావు పెన్ను కింద పెట్టాడు.

"అంటే తమరు ముందుగానే ఒక నిర్ణయానికి వచ్చియున్నారన్నమాట."

"వచ్చానండీ. ఎప్పుడో వచ్చాను."

"ముందస్తు అభిప్రాయం గల తల్లిదండ్రులు పరీక్షకు అనర్హులు. నాలుగో నియమం."

"అభిప్రాయం లేనోళ్లే ఎంచుకోవాలా?"

"దానిని నిష్పాక్షికత అందురమ్మా" అని, ఆయన శేషుబాబు వైపు తిరిగాడు. "తమకేమైనా అభిప్రాయం కలదా?"

శేషుబాబు భార్య వంక చూశాడు. "లేదండీ."

"ఎన్నడునూ లేదా?"

"పెళ్లయినకాడి నుంచీ అవసరం పడలేదండీ."

విశ్వంభరరావు మొహం విప్పారింది. ఉత్తమ అభ్యర్థి అని రాసుకున్నాడు.

వాళ్లమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డ చందన అప్పుడు మెల్లగా అడిగింది. "చదివేది నేను గదండీ. నన్నడగరా?"

"నీవు లబ్ధిదారువు పాపా. లబ్ధిదారును సంప్రదించినచో అది ప్రలోభం కిందికి వచ్చును" అన్నాడాయన, చాలా దయగా.

మల్లీశ్వరి ఊరుకునే మనిషి కాదు. పిల్లను తీసుకుని తిన్నగా పరిషత్ హైస్కూలుకు పోయింది. ఝాన్సీ టీచరు కుర్చీలోంచి లేచి వచ్చి చందన తల నిమిరి, రెండు లెక్కలడిగి, మురిసిపోయింది. తరవాత కంప్యూటరు ముందు కూర్చుని చాలాసేపు అవస్థ పడింది.

"తీసుకోవట్లేదమ్మా" అంది చివరికి. "పిల్ల పేరు కొట్టగానే తండ్రి అర్హత నంబరు అడుగుతోంది. అది లేకపోతే ముందుకు పోదు."

"మీరు కూచోబెట్టండి టీచరుగారూ. పేరు లేకపోతే మానె, చెప్పేది వింటది."

"నంబరు లేని పిల్ల తరగతిలో కనపడిందంటే నా ఉద్యోగం పోతుంది. శేషుబాబుగారిని ఎట్లాగో పాసవ్వమనండి. సీటు నేను అట్టిపెడతాను."

అలా చందన చదువు మొత్తం శేషుబాబు నెత్తి మీదకి వచ్చి కూర్చుంది. పాపం, ఆయన పదో తరగతి పరీక్షల తరవాత కలం పట్టింది చిట్టీలు రాయడానికే. అయినా కూతురంటే ప్రాణం. పరీక్ష రోజున తలంటుకుని, బొట్టు పెట్టించుకుని వెళ్లాడు.

ప్రశ్నపత్రం చూసేసరికి తల గిర్రున తిరిగింది. మచ్చుకు ఒకటి వినండి. ఒక పాఠశాలకు ఆటస్థలం కలదు. మరొక పాఠశాలకు ఆటస్థలం ఫొటో కలదు. ఏది మేలు? ఆటస్థలం ఉన్నదే మేలని రాశాడు శేషుబాబు. ఊరంతా అదే రాసింది. తప్పు. రెండూ సమానమే, దార్శనికతలో మాత్రమే భేదం కలదు అన్నది సరైన జవాబు. మొత్తానికి వేములకోటలో ఒక్క తండ్రీ పాసవలేదు, ఒక్క తల్లీ పాసవలేదు. దాంతో ఆ సంవత్సరం ఆరో తరగతిలో ఒక్క పిల్లా చేరలేదు. ఫలితాలు తాము అనుమానించిన దాన్నే రుజువు చేశాయని కమిటీ సంతోషించి, కొన్ని నెలల్లో మళ్లీ పరీక్ష ఉంటుందని ప్రకటించింది.

ఈ వార్త విని ఊళ్లో అసలైన ఆనందం పొందినవాడు శిఖరాగ్ర క్యాంపస్ ఇన్‌చార్జి ప్రవీణ్ సారు. పొద్దున లేచేసరికి సెంటరు నిండా ఆయన ఫ్లెక్సీలు. తల్లిదండ్రులకు ప్యాసెట్ ఇంటెన్సివ్ కోచింగ్, రెసిడెన్షియల్ సదుపాయం కలదు, మీ పిల్లల కలలు మా బాధ్యత అని. గదులు చాలవు గనక కింది తరగతుల పిల్లల్ని ఇళ్లకు పంపేసి, పాఠాలు ఫోన్లో పంపుతామన్నాడు. పెద్దవాళ్లను నెలల తరబడి హాస్టల్లో పెట్టుకోవడంలో ఉన్న లాభం పిల్లలతో ఎక్కడిది?

ప్రైవేటువాడు ముందుకుపోతుంటే ప్రభుత్వం చూస్తూ కూర్చోదు గదా. పేద తల్లిదండ్రులు వెనకబడకూడదని పరిషత్ హైస్కూల్లో ఉచిత కోచింగ్ తెరిచారు. మధ్యాహ్న భోజనం తల్లిదండ్రులకు మారింది. ఝాన్సీ టీచరు దగ్గరున్న టీచర్లలో సగంమందిని ప్రశ్నపత్రాలు తయారు చెయ్యడానికి జిల్లాకు పిలిపించుకున్నారు. మిగిలిన సగం తల్లిదండ్రులకు పాఠాలు చెప్పాలి. పిల్లలకు ఎవరు చెప్పాలన్న దాని మీద ఆదేశాలు త్వరలో వస్తాయన్నారు.

ఇప్పుడు శేషుబాబు ముందు కొత్త చిక్కు వచ్చి పడింది. తను సర్కారు కోచింగులో చేరాలా, ప్రైవేటు కోచింగులో చేరాలా? అడుగుదామని మళ్లీ ముగ్గురూ విశ్వంభరరావు దగ్గరికే పోయారు.

"కోచింగ్ సెంటరు కూడా విద్యాలయమే" అన్నాడాయన. "విద్యాలయమును ఎంచుకొనుటకు అర్హత కావలెను. అర్హత తమకు లేదు గనుకనే గదా కోచింగు. కాబట్టి తమ కోచింగును తమరు ఎంచుకొనరాదు."

"మరెవరు ఎంచుకోవాలండీ?"

"తమ శ్రేయస్సు కోరు కుటుంబ సభ్యులు."

మల్లీశ్వరి నోరు తెరవబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. "తమకు అభిప్రాయములు కలవు. ఈ పాపకు కలవా?"

"నన్నెవరూ అడగలేదండీ" అంది చందన.

"అడగలేదు గనుక లేనట్లే." ఆయన అక్కడికక్కడే చందనను శేషుబాబుకు గార్డియన్‌గా రాసేశాడు.

"దానికి మాత్రం పరీక్ష అక్కర్లేదా?" అంది మల్లీశ్వరి, ఒళ్లు మండిపోయి.

"పెద్దలు పిల్లలను చేర్చునప్పుడు పరీక్ష. పిల్లలు పెద్దలను చేర్చు విషయమున నిబంధనలు నిద్రించుచున్నవి. నిద్రించు నిబంధనను లేపరాదమ్మా. అది నా సర్వీసులో నేను నేర్చుకొన్న విషయం."

తన చదువు గురించి నోరెత్తకూడని పిల్ల, తండ్రి చదువు బాధ్యత నెత్తికెత్తుకుంది. మర్నాడే ఆయన్ని వెంటబెట్టుకుని రెండు బళ్లూ చూడటానికి బయల్దేరింది.

శిఖరాగ్రలో ఏసీ గదిలో కూర్చోబెట్టి కూల్‌డ్రింకు ఇచ్చారు. ప్రవీణ్ సారు గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. తెల్లారకముందే లేపుతారట. మైక్రో షెడ్యూలట. రోజూ స్లిప్ టెస్టట.

"మా నాన్నకి మధ్యాహ్నం కాసేపు పడుకోకపోతే తలనొప్పి వస్తదండీ. పడుకోనిస్తారా?" అని అడిగింది చందన.

"మా దగ్గర నిద్ర కాన్సెప్టు లేదు మేడమ్."

"పాఠం అర్థంకాలేదంటే మళ్లీ చెప్తారా?"

"అర్థం కావడం సిలబస్‌లో లేదు మేడమ్. గుర్తుంటే చాలు."

ఆ తరవాత పరిషత్ హైస్కూలుకు వెళ్లారు. ఝాన్సీ టీచరు నలుగురైదుగురు తండ్రుల్ని వేపచెట్టు కింద కూర్చోబెట్టుకుని ఏదో చెబుతోంది. వాళ్లు నవ్వుతున్నారు. చందన అవే ప్రశ్నలు అడిగింది.

"పడుకోనిస్తాను. అర్థమయ్యేదాకా చెబుతాను" అంది టీచరు. "నన్ను ఇక్కడ ఉండనిస్తే మీ నాన్నను పాస్ చేయిస్తాను. రేపు నన్ను ఎక్కడికి పంపుతారో మాత్రం నాకు తెలీదమ్మా. ఉన్న మాట చెప్తున్నా."

ఇంటికొచ్చాక చందన క్షణం కూడా ఆలోచించలేదు. "నాన్నా, నువ్వు ఝాన్సీ టీచరు దగ్గర చేరు" అంది.

శేషుబాబు అన్నం ముందు కూర్చుని కలిపిందే కలుపుతున్నాడు. మల్లీశ్వరి ఏమైందని అడిగితే ఆకలి లేదన్నాడు. కాసేపటికి గోడ వైపు తిరిగి గొణిగాడు.

"మందులకొట్టు బాలాజీని వాళ్ల పిల్లాడు శిఖరాగ్రలో చేర్చాడు. లారీల పోలిరెడ్డి కూడా అక్కడే. అందరి నాన్నలూ టై కట్టుకుని బస్సెక్కి పోతుంటే నేనొక్కణ్ణే చెట్టుకింద కూచోవాలి."

"టైతో పాసవుతారా నాన్నా?"

"నీకు తెలీదమ్మా. నలుగురూ ఏమనుకుంటారు?"

చందన వాళ్లమ్మ వంక చూసింది. నాకు అభిప్రాయం ఉంది గదే, నన్నెందుకు చూస్తావు అంది మల్లీశ్వరి. పిల్ల చాలాసేపు ఆలోచించింది. నాన్న రేపు తప్పితే చెట్టుకింద వేశావు కాబట్టే తప్పానని జీవితాంతం అంటాడేమో. అసలు అనకపోయినా, లోపల కుమిలిపోతాడేమో. తన మాటే సరైనదని తెలిసి కూడా చివరికి సరేనంది.

"శిఖరాగ్రలోనే వేస్తాలే నాన్నా. అన్నం తిను."

శేషుబాబు మారు అన్నం పెట్టించుకుని తిన్నాడు.

హాస్టల్లో వదిలేసిన రోజున గేటు దగ్గర గందరగోళంగా ఉంది. పిల్లలు ట్రంకుపెట్టెలు మోసుకొచ్చి తల్లిదండ్రుల్ని అప్పగిస్తున్నారు. పోలిరెడ్డి నిలువెత్తు మనిషి, రెండు గ్రామాల్లో ఆయన మాటకు ఎదురులేదు. అలాంటి మనిషి కొడుకు భుజం పట్టుకుని, నన్నొదిలిపెట్టి పోమాకరా అని ఏడుస్తున్నాడు. ఆయన మీసాలు యూనిఫారానికి విరుద్ధమని అప్పటికే కత్తిరించేశారు. చందన తండ్రికి టై ముడి సరిచేసి, ఫోను వార్డెనుకు అప్పజెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. సందు మలుపు తిరిగాక ఏడ్చింది.

శిఖరాగ్రలో ఎవరెస్టు బ్యాచి, హిమాలయ బ్యాచి, కొండవీడు బ్యాచి అని మూడున్నాయి. శేషుబాబును కొండవీట్లో పడేశారు. ప్రహరీగోడల తులనాత్మక అధ్యయనం, బస్సు రంగుల మనస్తత్వశాస్త్రం, బ్రోచరు పఠనం అని సబ్జెక్టులు. ఒకరోజు క్లాసులో లేచి నిలబడి అడిగాడు. "సార్, వీటిల్లో పిల్లలకి చదువు ఎట్టా చెప్తారనేది ఏ పాఠంలో వస్తది?" ప్రవీణ్ సారు అది పాత సిలబస్ అని చెప్పి, ప్రశ్నలు అడిగినందుకు సాయంత్రం అదనంగా ఒక స్టడీ అవరు వేశాడు.

ఆదివారాలు పిల్లల్ని లోపలికి రానిచ్చేవాళ్లు. వేములకోట రోడ్ల మీద ఆరోజు ఎటుచూసినా క్యారియర్లు పట్టుకున్న పిల్లలే. చందన పులిహోర, గుత్తొంకాయ కూర తెచ్చేది. మెట్ల పక్కన, ఆ గ్రౌండు ఫొటో కింద చాప వేసుకుని తండ్రికి వడ్డించేది.

"ఇక్కడ పప్పు నీళ్లలాగా ఉంటదమ్మా. నేనుండలేను, ఇంటికి తీసుకుపో" అన్నాడు శేషుబాబు ఒక ఆదివారం.

"కొన్నాళ్లు ఓర్చుకో నాన్నా. పాసైతే మళ్లీ ఈ బాధలుండవు గదా."

"కొట్టెట్టా ఉంది?"

"అమ్మా నేనూ కూచుంటన్నాం. రిబ్బన్లు ఎవరూ కొనట్లా. బడికి పోయేవాళ్లు లేరుగా."

ఆ రోజే గార్డియన్ల మీటింగు కూడా పెట్టారు. ప్రవీణ్ సారు శేషుబాబును చందన పక్కన నిలబెట్టి, పేపర్లు బల్ల మీద పరిచాడు.

"మీ ఫాదర్‌లో పొటెన్షియల్ ఉంది మేడమ్. కానీ కాన్సంట్రేషన్ లేదు. కిటికీలోంచి హైస్కూలు వైపు చూస్తూ కూర్చుంటారు. ఇంటి దగ్గర మీరు గారాబం చేసినట్టున్నారు."

చందన తల వంచుకుంది. "ఇంకోసారి అట్టా చెయ్యడండీ" అంది. బయటికొచ్చాక మాత్రం తండ్రిని ఒక్క మాట అనలేదు. ఆయన చొక్కా జేబుకు అంటిన సిరా మరక చూసి, విప్పిస్తే ఇంటికి తీసుకుపోయి ఉతుకుతానంది. శేషుబాబుకు అంత సిగ్గు ఎన్నడూ వెయ్యలేదు.

ఆ సిగ్గుతోనే ఆయన పట్టుదలగా చదవడం మొదలుపెట్టాడు. ఒక ఆదివారం, తరగతి గదికి పిల్లలెందరు అని భాగించే లెక్క ఒకటి రాక, పుస్తకం చందన ముందు పెట్టాడు. ఐదో తరగతిలో ఇలాంటివి ఆ పిల్ల నోటితోనే చేసేది. ఝాన్సీ టీచరు మురిసిపోయిన పిల్ల.

చందన పెన్సిలు తీసుకుంది. ఒక గీత గీసింది. ఆగింది. మళ్లీ చూసింది.

"మర్చిపోయా నాన్నా" అంది. "ఎప్పుడో చదువుకునేటప్పుడు వచ్చేది."

శేషుబాబుకు చాప మీంచి లేచి, పిల్ల చెయ్యి పట్టుకుని, ఆ గేటు దాటి, తిన్నగా ఝాన్సీ టీచరు దగ్గరికి పోవాలనిపించింది. అక్కడ టీచరు లేదని, ఆమెను పరీక్షల డ్యూటీ మీద ఎక్కడో దూరానికి వేశారని అప్పటికే విన్నాడు. ఇంతలో స్టడీ అవరు బెల్లు కొట్టారు. ఆలస్యమైతే గోడకుర్చీ వేయిస్తారు. పరుగెత్తాడు.

రెండోసారి పరీక్ష జరిగింది. ఫలితాలొచ్చాయి. శేషుబాబు టౌను ఫస్టు.

సెంటర్లో ఆయన బొమ్మతో రెండంతస్తుల ఫ్లెక్సీ లేచింది. టై కట్టుకుని, రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని, ఎక్కడో ఆకాశంలోకి చూస్తున్నాడు. సన్మానం పరిషత్ హైస్కూలు గ్రౌండులో పెట్టారు. శిఖరాగ్రవాళ్లకు ఫొటో తప్ప గ్రౌండు లేదు గదా. పిల్లలెవరూ ఆడక మోకాలెత్తు పెరిగిన గడ్డిని సభ కోసం కోయించారు. ఊరంతా వచ్చింది. కేబుల్ టీవీవాళ్లు వచ్చారు. విశ్వంభరరావు శేషుబాబు మెడలో పతకం వేసి, అర్హత నంబరున్న అట్ట చేతికిచ్చాడు.

శేషుబాబు ఆ అట్టను రెండు చేతులా పట్టుకుని అడిగాడు. "అయ్యా, ఇంక మా అమ్మాయిని చేర్చొచ్చాండీ?"

"ఏ విద్యాలయమున?"

"ఇదే బడిలోనండీ. ఝాన్సీ టీచరు బడిలో. టై లేకపోతే మానె. నాకు బాగా తెలిసొచ్చిందండీ. ఇంతకంటే మంచిది ఊళ్లో లేదు."

మొదటి వరసలో కూర్చున్న మల్లీశ్వరి మొహం వెలిగింది. విశ్వంభరరావు మొహం మాత్రం వాడిపోయింది. నిజంగానే బాధపడ్డాడాయన.

"ఆరవ తరగతి ప్రవేశములు ముగిసి చాలా కాలమైనది. ప్రస్తుతం తమ కుమార్తె వయసు ఏడవ తరగతి వయసు. ఏడవ తరగతికి ప్యాసెట్ అడ్వాన్స్‌డ్ వ్రాయవలెను."

"ఆరు చదవకుండా ఏడెట్టా అండీ?"

"అది చదువునకు సంబంధించిన ప్రశ్న. నాది ఎంపిక శాఖ."

"సరేనండీ. అదీ రాస్తాను. దాని కోసం ఎంతైనా చదువుతాను."

"వ్రాయలేరు శేషుబాబుగారూ." ఆయన గొంతు తగ్గించాడు. "ఇప్పుడే కదా, నలుగురి ఎదుట, తమకు ఒక అభిప్రాయం ఏర్పడినట్లు తెలియజేసితిరి. ముందస్తు అభిప్రాయం గలవారు అనర్హులు. మీ ఇంట అభిప్రాయం లేనివారు ఇంకెవరైనా కలరా?"

 ప్రవీణ్ సారు శేషుబాబు భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, జనం వైపు తిరిగి చిరునవ్వు నవ్వాడు. ఈలోగా కేబుల్ టీవీ అమ్మాయి స్టేజీ కింద నిలబడ్డ చందన దగ్గరికి మైకు తీసుకుపోయింది.

"పాపా, మీ నాన్నగారు టౌను ఫస్టొచ్చారు గదా. గార్డియన్‌గా నీకెట్టా అనిపిస్తంది?"

చందన మైకును చూసి కొంచెం బెదిరింది. తరవాత స్టేజీ మీదున్న తండ్రి వైపు తిరిగి, ఆయనకు వినపడేలా చెప్పింది.

"చానా సంతోషంగా ఉందండీ. నేనెట్టాగూ చదువుకోలేదు. మా నాన్నన్నా చదువుకుంటే చాలనుకున్నాను."

గ్రౌండు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు జనం. విశ్వంభరరావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ మాటను వచ్చే ఏడు ఫ్లెక్సీలో వెయ్యాలని ప్రవీణ్ సారు పక్కవాడికి చెప్పాడు. ఇన్‌చార్జి చప్పట్లు కొడితే తనూ కొట్టడం హాస్టల్లో అలవాటైంది గనక శేషుబాబు కూడా కొట్టాడు. రెండో చప్పట దగ్గర కూతురి మాట ఆయనకు అర్థమైంది. చేతులు అక్కడే ఆగిపోయాయి. అంతమంది ముందు, ఎండలో, మెడలో పతకంతో కూర్చుని భోరున ఏడ్చాడు.

అవి ఆనందబాష్పాలని ప్రవీణ్ సారు మైకులో ప్రకటించాడు.